టోక్యో సెల్లార్‌లో గోథిక్ రాక్: ఆ వింత రూల్స్ వెనక ఉన్న లెక్కలు

అనిమే పాటల వెంట వెళ్లి జపాన్ రాక్‌లో పడ్డ తెలుగు పిల్లలు ఇప్పుడు తక్కువేం లేరు. వాళ్లలో కొందరు చదువుకో ఉద్యోగానికో టోక్యో చేరి, ఒక సాయంత్రం ధైర్యం చేసి ఏ ఇకెబుకురోలోనో మెగురోలోనో సెల్లార్‌లో ఉన్న చిన్న క్లబ్బుకి, గోథిక్ బ్యాండ్ షో చూడ్డానికి వెళతారు. వెళ్లాక వచ్చే సందేహాలు మామూలుగా ఉండవు. టికెట్ కొన్నాక తలుపు దగ్గర మళ్లీ 600 యెన్‌లు ఎందుకు కట్టమన్నారు? కౌంటర్లో అమ్మాయి "ఏ బ్యాండ్ కోసం వచ్చారు" అని ఎందుకు అడిగింది? ముందు వరసలో ఖాళీ కనిపిస్తుంటే అక్కడ నిలబడొద్దని ఒకావిడ సైగ చేసింది, ఆవిడేమన్నా స్టాఫా? నూటయాభై మంది ఒక్కసారే నడుము దగ్గర మడతపడి లేస్తున్నారు, వీళ్లకి ఎవరు నేర్పారు? అంత మేకప్ వేసుకుని అంత ముస్తాబైన మనిషిని ఒక్కరూ ఫోటో తీయరేంటి?

వీటన్నిటికీ నెట్‌లో దొరికే జవాబు "జపాన్ కల్చర్ అంతేలే" అని. ఆ జవాబుతో ఏమీ తేలదు. నన్నడిగితే ఈ రూల్స్‌లో చాలావాటికి మూలం రెండు మామూలు విషయాల్లో ఉంది: అక్కడ తిరిగే డబ్బు చాలా తక్కువ, వచ్చే జనం మళ్లీ మళ్లీ వాళ్లే. ఈ రెండూ గుర్తుంచుకుని చదివితే మిగతా చిక్కుముళ్లు తేలిగ్గా విడిపోతాయి.

గోథ్ వేరు, విజువల్ కేయ్ వేరు, రెండూ కలిసిన చోటు వేరు

ముందు పేర్ల గందరగోళం. గోథ్ అనేది 1970ల చివర్లో బ్రిటన్‌లో పంక్ జోరు తగ్గాక పుట్టిన సంగీతం. బౌహౌస్, సూక్సీ అండ్ ద బాన్షీస్, ద క్యూర్ లాంటి బ్యాండ్లు, 1982లో లండన్‌లో మొదలైన బ్యాట్‌కేవ్ అనే క్లబ్బు, నల్ల బట్టలు, పాలిపోయిన ముఖాలు, ముందుకు వచ్చి వినిపించే బేస్ గిటార్. దాదాపు అదే కాలంలో టోక్యోలోనూ ఆటో-మోడ్ లాంటి బ్యాండ్లు ఆ దారిలో నడిచాయి, అక్కడ దాన్ని పాజిటివ్ పంక్ అన్నారు.

విజువల్ కేయ్, అంటే మేకప్‌తో, భారీ వేషాలతో వాయించే జపాన్ రాక్, వచ్చిన దారి ఇది కాదు. టోక్యో పక్కనున్న చిబాలో ఇద్దరు చిన్ననాటి స్నేహితులు, యోషికి, తోషి, 1982లో మొదలుపెట్టిన ఎక్స్ అనే బ్యాండ్ (తర్వాత ఎక్స్ జపాన్ అయింది) వాయించింది స్పీడ్ మెటల్. వాళ్లు 1989లో తెచ్చిన ఆల్బమ్ అట్ట మీద "సైకడెలిక్ వయొలెన్స్ క్రైమ్ ఆఫ్ విజువల్ షాక్" అని రాసుకున్నారు. 1990లో షాక్స్ అనే పత్రిక మొదలై ఇలాంటి బ్యాండ్లనే అట్టల మీద వేయడంతో ఆ "విజువల్" అనే మాట మొత్తం ఈ గుంపుకి అతుక్కుపోయింది. అంటే ఇది శబ్దాన్ని బట్టి పెట్టిన పేరు కాదు, వేషాన్ని బట్టి పెట్టిన పేరు. అందుకే విజువల్ కేయ్ అనే గొడుగు కింద మెటల్ ఉంటుంది, పంక్ ఉంటుంది, అన్ కఫే లాంటి రంగురంగుల పాప్ కూడా ఉంటుంది.

ఇది అసలు సంగీత శైలా కాదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. కాదనేవాళ్లు చెప్పేది పైన చెప్పిందే, ఒకే రకం పాటలు లేనప్పుడు శైలి ఎలా అవుతుంది అని. అవుననేవాళ్లు మాత్రం ఎక్స్, లూనా సీ, కురోయుమె, దిర్ ఎన్ గ్రే వరసగా వినమంటారు. నెమ్మదిగా మొదలై గాలివానగా మారే పాట, గొంతుని సాగదీసి వణికించే పాడే తీరు, రెండు గిటార్లు వేర్వేరు దారుల్లో వెళ్లడం, ఇవి తరం నుంచి తరానికి అందుతూనే ఉన్నాయి కదా అంటారు. బ్యాండ్లలోనే కొన్ని పేరొచ్చాక మేకప్ తగ్గించుకుని ఆ ముద్ర నుంచి పక్కకి జరిగాయి, కొన్ని చివరిదాకా పట్టుకున్నాయి.

ఈ రెండు దారులూ కలిసిన చోటే మన విషయం. గున్మా నుంచి 1983లో బయల్దేరిన బక్-టిక్ ఒక వంతెన. నిలబెట్టిన జుట్టుతో మొదలై క్రమంగా చీకటి గోథ్ వైపు వెళ్లిన ఆ బ్యాండ్ గాయకుడు అత్సుషి సకురాయి 2023 అక్టోబరులో యొకొహామాలో షో మధ్యలోనే అస్వస్థతకు గురై అదే రోజు రాత్రి చనిపోయాడు, ఆ వార్తతోనే చాలామంది బయటివాళ్లు ఈ లోకం పేరు మొదటిసారి విన్నారు. రెండో వంతెన మాలిస్ మిజర్. 1992లో మొదలైంది, ఫ్రెంచ్ రాజదర్బారు బట్టలు, తోలుబొమ్మల్లాంటి కదలికలు. 1999 మొదట్లో గాయకుడు గక్త్ వెళ్లిపోయాడు, అదే ఏడాది డ్రమ్మర్ కామి చనిపోయాడు, ఆ తర్వాత బ్యాండ్ పూర్తిగా నలుపులోకి దిగింది. 2000లో బుదోకాన్ హాలు వేదిక మీద చర్చి కట్టడాన్నే నిలబెట్టి వాయించారు. గిటారిస్టు మానా 1999లో మోయి-మెమ్-మోయితియే అనే బట్టల బ్రాండు, 2002లో మోయి డి మోవా అనే బ్యాండు పెట్టాడు. ఇవాళ చిన్న క్లబ్బు పాంప్లెట్ మీద "గోథిక్" అని కనిపిస్తే అది ఎక్కువగా ఈ మానా వంశమే: చర్చి ఆర్గాన్, వయొలిన్, దాని కింద వేగంగా పరిగెత్తే మెటల్ డ్రమ్స్. ద క్యూర్ లాంటిది ఆశించి వెళ్లినవాళ్లు కొంచెం కంగుతింటారు.

ఆడవేషం ఎక్కడి నుంచి వచ్చింది

మానా గౌను వేసుకుంటాడు, బహిరంగంగా నోరు తెరిచి మాట్లాడడు, ఇంటర్వ్యూల్లో పక్కవాడి చెవిలో చెబితే పక్కవాడు చెబుతాడు. వెర్సయ్ బ్యాండ్ గిటారిస్టు హిజాకీ కూడా రాణిలా తయారై చాలా కష్టమైన గిటార్ ముక్కలు వాయిస్తాడు. ఇలాంటివాళ్లని చూడగానే విదేశీ రచయితలు కబుకీ (జపాన్ సంప్రదాయ నాటకం) అంటారు. 1629లో షోగున్ ప్రభుత్వం ఆడవాళ్లని వేదిక ఎక్కనివ్వకుండా చేసింది, తర్వాత మగవాళ్లే ఆడపాత్రలు వేశారు, కాబట్టి ఇది దాని వారసత్వమే అని. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషం గురించి విన్న మనకి ఆ మాట వెంటనే నమ్మబుద్ధి కూడా అవుతుంది.

కానీ ఆ సంగీతకారులు చెప్పుకునే గురువులు వేరు. యోషికి చిన్నప్పుడు కిస్ బ్యాండ్ కచేరీ చూసి రాక్ వైపు తిరిగాడు, ఎక్స్ గిటారిస్టు హిదే కూడా కిస్ పిచ్చోడే. డేవిడ్ బోవీ, జపాన్ అనే పేరున్న ఇంగ్లిష్ బ్యాండ్, ఇవే ఎక్కువగా వినిపించే పేర్లు. ఇక్కడొక సరదా మెలిక ఉంది. బోవీ 1973లో వేసుకున్న ఆ పేరుమోసిన దుస్తులు కుట్టింది కాన్సాయ్ యమమొతో అనే జపాన్ డిజైనర్. వేదిక మీదే పై బట్ట లాగేస్తే కింద ఇంకో వేషం బయటపడే పద్ధతి కబుకీదే. అంటే కబుకీ ఉంది, కాకపోతే లండన్ చుట్టి వచ్చింది. మూడో వాదన ప్రకారం 1970ల నుంచి అమ్మాయిల కోసం గీసిన మాంగా కథల్లోని సన్నటి, విషాదంగా కనిపించే అందగాళ్లు, ఆడవాళ్లే మగవేషాలు కట్టే తకరజుక నాటక బృందం, ఇవే అభిమానుల కళ్లను ముందే సిద్ధం చేశాయి. నాకు ఈ మూడోదే దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే చిన్న క్లబ్బులో నిలబడి ఉన్నవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లే, వేదిక మీది వేషం వాళ్ల ఇష్టాన్ని ఎరిగి వేసిందే.

డ్రింక్ డబ్బులు: కచేరీ హాలు కాదు, రెస్టారెంటు

జపాన్‌లో ఇలాంటి చిన్న క్లబ్బుని లైవ్ హౌస్ అంటారు. నూటయాభై నుంచి మూడొందల మంది పడతారు, చాలావరకు సెల్లార్‌లోనే, కుర్చీలుండవు. సినిమా హాలు, నాటకశాల లాంటివి నడపాలంటే ప్రత్యేక చట్టం కింద అనుమతి కావాలి, టాయిలెట్లు, గాలి వెలుతురు, ఏ ప్రాంతంలో కట్టొచ్చు అన్న షరతులు చాలా ఉంటాయి. భవనం అడుగున ఇరుకు గదికి అవి కుదరవు. అందుకే చాలా లైవ్ హౌసులు తిండి, డ్రింకులు అమ్మే హోటల్ లైసెన్సు మీద నడుస్తాయి. కాగితాల మీద వాళ్ల వ్యాపారం డ్రింకులు అమ్మడం, పక్కన సంగీతం వినిపించడం. అందుకని ప్రతివాళ్లూ కనీసం ఒక డ్రింకు కొనాల్సిందే, అదే ఆ 600 యెన్‌లు (కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ). ఈ మధ్య రేటు ప్రకారం 100 యెన్‌లంటే మనకి 55, 60 రూపాయల మధ్య అనుకోండి. డబ్బు కడితే ఒక టోకెన్ ఇస్తారు. చాలామంది షో అయ్యాక దాన్ని ఇచ్చి నీళ్ల బాటిల్ తీసుకుని వెళ్లిపోతారు.

చట్టం పేరు చెప్పి ఆదాయం లాగుతున్నారనే వాదనా ఉంది. రెండు వేల మంది పట్టే పెద్ద హాళ్లలో కూడా ఇదే డ్రింకు రుసుము కనిపిస్తుంది కాబట్టి అది పూర్తిగా తప్పని కొట్టిపారేయలేం. అయితే చిన్నచోట ఆ డబ్బే చాలాసార్లు క్లబ్బుకి ఖచ్చితంగా మిగిలే రాబడి, మిగతాదంతా బ్యాండ్ ఎంతమందిని తెస్తుందో అన్నదాని మీద ఉంటుంది.

"ఏ బ్యాండ్ కోసం వచ్చారు?"

అసలు లెక్క ఇక్కడుంది. చిన్న క్లబ్బుల్లో ఒకే బ్యాండ్ వాయించే షోని వన్‌మ్యాన్ అంటారు, నాలుగైదు బ్యాండ్లు పంచుకునే షోని తైబాన్ అంటారు. తైబాన్‌లో ఒక్కొక్కరికి 25, 30 నిమిషాలు, మధ్యలో తెర దించి వాయిద్యాలు మారుస్తారు. కొత్త బ్యాండ్లకి దొరికేది ఎక్కువగా ఈ తైబానే, దాంతోపాటు నోరుమా కూడా. నోరుమా అంటే ఇన్ని టికెట్లు అమ్ముతామని బ్యాండ్ క్లబ్బుకి ఇచ్చే హామీ. అమ్మకపోతే మిగతా డబ్బు బ్యాండే కట్టాలి.

ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. టికెట్ 3,000 యెన్‌లు, నోరుమా 20 టికెట్లు, అంటే 60,000 యెన్‌ల హామీ. బ్యాండ్ పేరు చెప్పి 12 మందే వచ్చారు. మిగిలిన 8 టికెట్ల డబ్బు, 24,000 యెన్‌లు, నలుగురు సభ్యులు తలా 6,000 చొప్పున జేబులోంచి కట్టి వాయించినట్టు. అదే 35 మంది వస్తే, 20 దాటిన 15 మందికి టికెట్లో సగం వెనక్కి ఇస్తారనుకుంటే 22,500 యెన్‌లు వస్తాయి. ఆ డబ్బు రిహార్సల్ స్టూడియో అద్దెకి సరిపోతే గొప్ప. మామూలు రాక్ బ్యాండ్‌కి అక్కడితో అయిపోతుంది, వీళ్లకి అలా కాదు, దుస్తులు కుట్టించాలి, జుట్టుకీ మేకప్‌కీ మనిషిని పెట్టుకోవాలి.

ఇప్పుడు తలుపు దగ్గరి ప్రశ్న అర్థమవుతుంది. మీరు చెప్పిన పేరు పక్కన ఒక గీత పడుతుంది, ఆ గీతలే రాత్రికి డబ్బు లెక్క. "అందరినీ చూద్దామని వచ్చాను" అంటే మర్యాదగానే ఉంటుంది కానీ ఆ గీత ఎవరి ఖాతాలోకీ పోకపోవచ్చు. 

ఈ పద్ధతి న్యాయమా అంటే, క్లబ్బువాళ్లు అద్దె, సౌండు ఇంజనీరు, లైట్ల మనిషి ఖర్చు ఎవరొచ్చినా రాకపోయినా ఒకటే అంటారు. పైగా 1980ల చివర్లో టీవీ పోటీలు చూసి ఊరికొక బ్యాండ్ పుట్టుకొచ్చిన రోజుల నుంచీ వేదికల కంటే బ్యాండ్లే ఎక్కువ. సంగీతకారులు మాత్రం జనాన్ని తేవడం, ప్రచారం చేయడం క్లబ్బు పని కూడా కదా, నష్టమంతా మా నెత్తినే ఎందుకు అంటారు. నోరుమా లేకుండా నడిపే క్లబ్బులూ ఉన్నాయి, అక్కడ ఎవరిని ఎక్కించాలో మరింత జాగ్రత్తగా ఎంచుతారు. అంటే డబ్బు దగ్గర కాకపోయినా తలుపు ఇంకోచోట మూసుకుంటుంది.

A-37, B-5: ఎవరు ముందు?

సీట్లు లేవు కాబట్టి ఎవరు ముందు లోపలికి వెళతారన్నదే విలువ. టికెట్ మీద సెయిరి బాంగో అనే వరస సంఖ్య ఉంటుంది. ఒక అమ్మకందారు ద్వారా వచ్చినవి A, బ్యాండ్ నేరుగా ఇచ్చినవి B అనుకుందాం. మీ దగ్గర B-5 ఉంది, పక్కన నిలబడ్డావిడ దగ్గర A-37. ఐదు చిన్న అంకె కదా అని సంబరపడితే పొరపాటు. A వాళ్లందరూ, 80 మంది ఉంటే ఆ 80 మందీ వెళ్లాకే B-1ని పిలుస్తారు, కాబట్టి మీరు 85వ మనిషి. అప్పటికప్పుడు కొన్న టికెట్లు అన్నిటికంటే వెనక. తలుపులు తెరిచే సమయం, షో మొదలయ్యే సమయం రెండూ టికెట్ మీద విడివిడిగా ఉంటాయి, మధ్యలో అరగంటో గంటో తేడా. సాయంత్రం ఐదున్నరకో ఆరింటికో మొదలై తొమ్మిదిన్నరలోపు అయిపోయే షోలే ఎక్కువ. అర్ధరాత్రికల్లా రైళ్లు ఆగిపోయే ఊళ్లో అది సహజమే.

ముందు వరస ఎవరిది

అంకె చిన్నదైనంత మాత్రాన ముందు వరస దక్కుతుందనుకుంటే అదీ తేలిక కాదు. కొన్ని బ్యాండ్లకి షికిరి అనే పద్ధతి ఉంది. ఎప్పటినుంచో వచ్చే అభిమానుల్లో ఒకరిద్దరు ముందు వరసను "చూసుకుంటారు": ఈ పాటలకి ఎవరు ఎక్కడ నిలబడాలి, తర్వాతి బ్యాండ్ వచ్చినప్పుడు ఎవరు ఎవరికి చోటివ్వాలి అన్నది వాళ్ల ద్వారా నడుస్తుంది. వాళ్లు స్టాఫ్ కాదు, జీతం లేదు. ప్రేక్షకుల వైపు నుంచి కుడిపక్కను కమితే, ఎడమపక్కను షిమోతే అంటారు, ఎవరి ఇష్టమైన సభ్యుడు ఏ పక్క నిలబడితే వాళ్లు ఆ పక్క. అభిమాని ఆడపిల్ల అయితే బంగ్యా, మగపిల్లాడైతే గ్యావో, మనసులో ఉన్న ఆ ఒక్క సభ్యుడు హొన్‌మెయ్.

సమర్థించేవాళ్లు చెప్పే ఉదాహరణ తైబాన్‌దే. ఐదు బ్యాండ్లు, ఐదు అభిమాన గుంపులు. A-1 టికెట్ మనిషికి మూడో బ్యాండ్ ఇష్టం అనుకోండి, ఆ మనిషి మొదటి బ్యాండ్ వాయిస్తున్నంతసేపూ వేదిక ముందున్న కమ్మీకి ఆనుకుని కదలకుండా నిలబడితే ఆ బ్యాండ్‌కి కనిపించేది ఒక నిర్జీవమైన ముఖం. వరసలు మార్చుకుంటే అందరి ముందూ వాళ్ల మనుషులే ఉంటారు. ఇది నిజంగానే చక్కటి ఏర్పాటు. వ్యతిరేకించేవాళ్లు అడిగేదీ సబబే: నేను డబ్బు కట్టి తెచ్చుకున్న నంబరుకి విలువ లేకుండా చేసే అధికారం మీకెవరిచ్చారు? కొత్తగా వచ్చినవాళ్లు ఒకసారి కసురు తిని మళ్లీ రాకపోతే బ్యాండ్‌కి నష్టం కదా? అందుకే కొన్ని బ్యాండ్లు, క్లబ్బులు షికిరి కూడదు, చోటు పట్టి ఉంచడం కూడదు అని నోటీసు పెట్టేస్తున్నాయి. పెట్టినా అలవాటు ఒక్కరోజులో పోదు, ఎందుకంటే ఆ నూటయాభై మంది వచ్చే వారం మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి.

చేతులు, నడుములు, జుట్టు

లైట్లు ఆరి ప్రవేశ సంగీతం మొదలవగానే సభ్యులు ఒక్కొక్కరే వస్తారు, ఒక్కొక్కరి పేరు కేకలుగా లేస్తుంది. పాట మొదలయ్యాక జరిగేదాన్ని ఫురి అంటారు, పాటకి కట్టిన కదలికలు. చేతిని విసనకర్రలా తిప్పడం తెసెన్సు. నడుము దగ్గర తాళానికి మడతపడి లేవడం ఒరితతామి. రెండు చేతులూ చాచి ఇష్టమైన సభ్యుడి వైపు పువ్వులా విచ్చుకోవడం సకు. వేదికకి వీపు పెట్టి ముందువాళ్ల మీదకి వెనక్కి పడటం గ్యకుదై. తల ఊపడం సరేసరి, ముందు కమ్మీ పట్టుకుని జుట్టంతా నేలకి తగిలేలా.

ఎవరు నేర్పుతారంటే, గాయకుడే వేదిక మీద చేసి చూపిస్తాడు, కొన్ని బ్యాండ్లు వీడియోలు పెడతాయి, ఎక్కువమంది మాత్రం ముందున్నవాళ్ల వీపు చూసి నేర్చుకుంటారు. పాటల నిర్మాణం కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది, పల్లవికి ముందు ఒక బరువైన భాగం వచ్చిందంటే అది నడుము మడతకే అని రెండో పాటకే కొత్తవాళ్లకి తెలిసిపోతుంది.

దీన్ని చూసి రాక్ అంటే స్వేచ్ఛ కదా, ఈ డ్రిల్లు ఏమిటి అని పెదవి విరిచేవాళ్లున్నారు. జపాన్ రాక్ అభిమానుల్లో కూడా ఉన్నారు. అటువైపు వాదన ఏమిటంటే, రోజంతా ఆఫీసులో గొంతు ఎత్తని మనిషికి ఏం చేయాలో ముందే తెలిస్తేనే సిగ్గు పోతుంది. కట్టుబాటే ఇక్కడ తెగింపునిస్తుంది. మన తెలుగు సినిమాలకి జపాన్ థియేటర్లలో అరిచి గోల చేయడానికి ప్రత్యేక ప్రదర్శనలు పెడితే జనం వేషాలు కట్టుకుని, లైట్ స్టిక్కులు పట్టుకుని వచ్చారు గుర్తుందా, ఆ ఆటలకి అరవొచ్చని ముందే చెప్పారు కాబట్టే అరిచారు. మిగతా ఆటలకి వాళ్లే నిశ్శబ్దంగా చూస్తారు. గ్యకుదై సంగతి వేరు, ఇరుకు చోట దెబ్బలు తగులుతాయి, చాలాచోట్ల నిషేధం. ఇక వెనక గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని చూసేవాళ్లూ ఎప్పుడూ ఉంటారు, వాళ్లనెవరూ ఏమీ అనరు.

ఫోన్ బయటికి రాదు, చెకీ బయటికి వస్తుంది

షోలో ఫోటో, వీడియో దాదాపు ప్రతిచోటా నిషేధం. చుట్టూ ఉన్నవాళ్లకి తాము అక్కడున్నామని ఆఫీసులో తెలియడం ఇష్టం ఉండకపోవచ్చు, అది ఒక కారణం. తమ ముఖం ఏ కోణంలో, ఏ వెలుతురులో బయటికి వెళ్లాలో బ్యాండ్ చేతిలోనే ఉంచుకోవాలనుకోవడం ఇంకోటి. వేషమే సరుకైన చోట అది చిన్న విషయం కాదు. మూడోది నేరుగా డబ్బు, ఆ ముఖాన్ని వాళ్లు అమ్ముతారు.

అమ్మేది చెకీ రూపంలో. ఫ్యూజీఫిల్మ్ 1998 నుంచి అమ్ముతున్న ఇన్‌స్టాక్స్ కెమెరా, మన పెళ్లిళ్లలో ఫోటో బూత్ దగ్గర కనిపించేదే, దాన్ని జపాన్‌లో చెకీ అంటారు. తీసిన ఫోటోకి నెగటివ్ ఉండదు, ఒక్కటే ప్రతి. షోకి ముందో తర్వాతో బుప్పాన్ అనే సరుకుల బల్ల దగ్గర ఇవి అమ్ముతారు, ధర 500 నుంచి 1,000 యెన్‌ల వరకూ, ఫిల్మ్ ఖర్చు ఒక్కోదానికి 100 యెన్‌లకి అటూ ఇటూ. చాలా బ్యాండ్లు కవర్లో పెట్టి అమ్ముతాయి, ఎవరి ఫోటో వస్తుందో తెలియదు.

ఇక్కడ లెక్కల మాస్టారి ప్రశ్న ఒకటి. బ్యాండ్‌లో ఐదుగురు, మీకు కావలసింది గిటారిస్టు. ఒక్కో కవర్లో అతను ఉండే అవకాశం ఐదింట ఒకటి, లేకపోయే అవకాశం ఐదింట నాలుగు. ఐదు కవర్లు కొంటే ఒక్కదాంట్లోనూ లేకపోయే అవకాశం ఐదింట నాలుగుని (4/5) ఐదుసార్లు వేసి గుణిస్తే వచ్చేది, అంటే సుమారు 33 శాతం. తలా ఒకటి 1,000 చొప్పున 5,000 యెన్‌లు పెట్టిన ప్రతి ముగ్గురిలో ఒకరు ఉత్త చేతులతోనే వెళతారన్నమాట. పది కొన్నా 11 శాతం మందికి దొరకదు. అందుకే షో అయ్యాక క్లబ్బు మెట్ల మీద చిన్న సంత నడుస్తుంది, నీ డ్రమ్మర్ నాకు, నా గిటారిస్టు నీకు. అదే బ్యాండ్ వైపు నుంచి చూస్తే, 60 చెకీలు అమ్ముడైతే 60,000 యెన్‌ల అమ్మకం, పైన మనం వేసిన నోరుమా మొత్తం అంతే. టికెట్ల మీద పోయింది ఈ బల్ల మీద వస్తుంది.

నిషేధం కొంచెం సడలుతోంది కూడా. చివరి ఒక్క పాట తీసుకోండి, పోస్ట్ చేయండి అనే బ్యాండ్లు పెరిగాయి, ఉచిత ప్రచారం ఎవరికి చేదు.

అభిమానమా, పిండుకోవడమా

అభిమాని, సభ్యుడు ఇద్దరూ కలిసి దిగే చెకీకి ధర ఇంకా ఎక్కువ, దాంతోపాటు అర నిమిషం మాట. ఒకే సీడీని మూడు రకాల అట్టలతో తెచ్చి, మూడూ కొంటే షాపులో జరిగే మాటామంతీకి రానివ్వడమూ మామూలే. ఖరీదైన కానుకలిచ్చేవాళ్లు ఉంటారు. సభ్యుడితో రహస్యంగా పరిచయం పెంచుకోవడాన్ని త్సునగారి అంటారు, అభిమానుల మధ్య అంతకు మించిన తిట్టు లేదు, ఎందుకంటే మిగతావాళ్లు వరసలో నిలబడి కొనుక్కునేది ఒకరికి పక్కదారిన దొరికినట్టు.

విమర్శ ఏమిటంటే, ఇది ప్రేమ ఆశ చూపి డబ్బు లాగడమే, మగవాళ్లు కబుర్లు చెప్పి ఆడ కస్టమర్ల చేత ఖర్చు పెట్టించే హోస్ట్ క్లబ్బులకీ దీనికీ తేడా ఏముంది అని. హోస్ట్ క్లబ్బుల్లో అప్పులపాలైన ఆడపిల్లల గురించి జపాన్‌లో పెద్ద గొడవై, కస్టమర్ ప్రేమని వాడుకుని ఖర్చు పెట్టించడాన్ని అడ్డుకునే చట్ట సవరణ 2025లో వచ్చింది. అది హోస్ట్ క్లబ్బుల లాంటి వ్యాపారాల కోసం తెచ్చింది, బ్యాండ్ల కోసం కాదు. కానీ ఆ చర్చ నీడ ఇటూ పడింది. అభిమానులు చెప్పుకునేది ఇంకోలా ఉంటుంది. పెద్ద కంపెనీ వెనక లేని బ్యాండ్ వచ్చే ఏడాదికి ఉండాలంటే ఈ డబ్బే దారి, ఆ సంగతి మాకూ తెలుసు, తెలిసే ఇస్తున్నాం అని. నా మటుకు నాకు తేడా అప్పు దగ్గర కనిపిస్తుంది. బల్ల మీద నగదు ఇచ్చి ఫోటో తీసుకోవడంలో మనిషి ఎక్కడ ఆగాలో తనే చూసుకోగలదు, కవర్ల జూదం ఆ ఆగడాన్ని కష్టం చేస్తుంది, అంతవరకు విమర్శ నిజం.

2020 తర్వాత

కరోనా మొదటి రోజుల్లో, 2020 ఫిబ్రవరిలో, ఒసాకా లైవ్ హౌసుల్లో వైరస్ గుంపుగా అంటుకోవడంతో దేశమంతా ఈ చిన్న గదుల వైపు వేలు చూపించింది. తెరుచుకున్నాక కూడా చాలాకాలం నోరు మెదపకూడదు, గుర్తులు పెట్టిన చోటే నిలబడాలి. మామూలు రాక్ జనానికి అది శిక్షలా ఉంటే, ఫురి ఉన్న వీళ్లకి కనీసం చేతులు మిగిలాయి. 2023 జనవరి చివర్లో కేకలకి మళ్లీ పూర్తిగా అనుమతి వచ్చేసరికి కొన్ని క్లబ్బులు మూతపడ్డాయి, బ్యాండ్లు చెకీలను పోస్టులో అమ్మడం నేర్చుకున్నాయి. ఈ లోకానికి పేరు పెట్టిన షాక్స్ పత్రిక అంతకుముందే, 2016లోనే ఆగిపోయింది.

జనం వయసు కూడా మారింది. 1990ల్లో స్కూలు బ్యాగుతో వచ్చినవాళ్లకి ఇప్పుడు నలభై దాటాయి. ఈ లోకం వదిలేయడాన్ని అగరు అంటారు, పెళ్లి, పిల్లలు, ఉద్యోగం, లేదా ఇష్టమైన బ్యాండ్ విడిపోవడం, ఏదైనా కారణం కావచ్చు. తిరిగి వచ్చేవాళ్లకీ ఒక పేరుంది, దెమొదొరి, అసలైతే విడాకులై పుట్టింటికి వచ్చిన ఆడపిల్లని అనే మాట, వీళ్లు దాన్ని నవ్వుతూ తమకే పెట్టుకున్నారు. 2007లో ఎక్స్ జపాన్, 2010లో లూనా సీ మళ్లీ కలిసినప్పుడు అలా వచ్చినవాళ్లలో కొందరు పెద్ద హాళ్లతో ఆగకుండా, ఆ సభ్యుల శిష్యుల శిష్యులు వాయించే సెల్లార్లలోకి కూడా మళ్లీ దిగారు.